మీ గూడెం వాళ్లు

ఏలూరులో ఈమధ్య టిఫిన్ హోటళ్లలో రెండోసారి చట్నీ అడిగితేగాని వెయ్యడం లేదు. ఇదివరకు ఒక మనిషి చేతిలో గిన్నె పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ ఉండేవాడు. ఇడ్లీ సగంలో ఉండగా వచ్చి "వెయ్యమంటారాండీ?" అనేవాడు. మనం వద్దనేలోపు వేసేసేవాడు. ఇప్పుడా మనిషి లేడు. మనమే ప్లేటు పట్టుకుని కౌంటరు దాకా వెళ్లి "కాస్త చట్నీ అండీ" అనాలి. అంటే వేస్తారు, కాదనరు. కానీ అడిగి వేయించుకున్న చట్నీలో ఎందుకో ఉప్పు తక్కువైనట్టుంటుంది. ఇదేమీ కలెక్టరుగారికి అర్జీ పెట్టుకునేంత కష్టం కాదు. అయినా కొన్నాళ్లుగా టిఫిను ముందు కూర్చుంటే నాకు ఆ గిన్నె మనిషే గుర్తొస్తున్నాడు.

నేను ఏలూరులో ఒక మందుల షాపు పైనున్న గదిలో కూర్చుని, మీరు చదవకుండా కొట్టిపారేసే మెసేజీలు రాస్తాను. మీ ఫోను టింగుమంటే, ఎవరో అనుకుని తడిచేతులు తుడుచుకుని మరీ తీస్తారు చూడండి, తీరా చూస్తే ఫ్లాట్లు, లోన్లు, కోచింగులు, కంటి పరీక్షలు. ఆ ఎవరో నేనే. డిగ్రీలో బోటనీ చదివాను. గుడ్ మార్నింగ్ మెసేజీల్లో పెట్టే పువ్వులు ఏ కుటుంబానివో చెప్పగలను. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే "కంటెంట్ అండీ" అంటాను. ఆ పైన ఇంకేమీ అడగరు. మా ఓనరు మంచాయన. ఒకే మాటని కొన్నివేలమందికి ఒకేసారి పంపడాన్ని ఆయన "పలకరించడం" అంటాడు. "రేపు భీమడోలు వాళ్లని పలకరించాలండీ, ఎల్లుండి కైకలూరు వాళ్లని పలకరించాలండీ" అంటూ తిరుగుతుంటాడు. పలకరింపు అన్నాక అవతలివాళ్లు వద్దన్నా మనం మానకూడదని ఆయన సిద్ధాంతం.

తాడేపల్లిగూడెంలో, మా వాడుకలో గూడెంలో, ఒక బట్టల షాపు మరమ్మతులకని కొన్ని నెలలు మూసి, ఈ మధ్యే మళ్లీ తెరిచారు. ఆ పని మాకొచ్చింది. రెండు మెసేజీలు కావాలన్నారు. మొదటిదాంట్లో షాపు పేరు ఉండకూడదు. ఎవరు పంపారా అని జనం జుట్టు పీక్కోవాలి. రెండోది ఆదివారం మధ్యాహ్నం వెళ్తుంది. దాంట్లో చీరల బొమ్మలు, పేరు, అడ్రసు. నంబర్లు షాపువాళ్లే ఇచ్చారు, ఇన్నేళ్లుగా బిల్లు కౌంటరు దగ్గర అడిగి రాసుకున్నవి. పంపడానికి కొత్త నంబరొకటి తీసి, దాని బొమ్మగా మామిడి తోరణం కట్టిన గుమ్మం పెట్టాం.

మొదటి మెసేజి నేను రాసింది ఇది:

"బాగున్నారా? మీరు మా గుమ్మం తొక్కి ఎన్నాళ్లయిందో! మావల్ల ఏదైనా పొరపాటు జరిగి ఉంటే మనసులో పెట్టుకోకండి. ఆదివారం తప్పకుండా రండి. మీరు రాకపోతే మాకు వెలితిగా ఉంటుంది. ఇట్లు, మీ గూడెం వాళ్లు."

పొరపాటంటే నా ఉద్దేశం ఆ షాపులో బండి పెట్టుకునే చోటు లేకపోవడం. నిజం చెప్పాలంటే, రాశాక నేనే రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను. ఓనరు చదివి, "మా అత్తారింటి నుంచి వచ్చినట్టుందండీ" అన్నాడు. అంతకన్నా మెప్పు మా వృత్తిలో లేదు. ఎవరైనా జవాబిస్తే దానంతటదే వెళ్లేలా ఇంకో ముక్క కూడా రాసిచ్చాను: "మీ మాట అందింది. ఆదివారం కలుద్దాం." శుక్రవారం సాయంత్రం పలకరించేశాం.

ఆ నంబర్లలో మా అత్తయ్య నంబరు ఉంటుందని నాకు తోచలేదు. వేలమందికి రాసేటప్పుడు ఒక్క మనిషి కూడా గుర్తుకు రాకపోవడం మా పనిలో మామూలే.

అత్తయ్య అంటే మా నాన్నగారి అక్క. కొల్లేరులో లంక గ్రామంలో ఉంటుంది. మావయ్యకి చేపల చెరువు. నాన్నగారు, అమ్మ ఉండేది గూడెంలో. అక్కాతమ్ముళ్లకి మా చెల్లి పెళ్లి దగ్గర చెడింది. ముహూర్తం దగ్గరపడి, తిరగలేక, నాన్నగారు శుభలేఖని ఫోన్లో పంపి, "అక్కా, కార్డు పంపాను చూసుకో, ముందుగా వచ్చెయ్యి" అన్నారు. మా వైపు ఇంటి ఆడపడుచుని అలా పిలవరు. గుమ్మంలోకి వెళ్లి, బొట్టు పెట్టి, చేతిలో పండు పెట్టి పిలుస్తారు. పక్క వీధిలో ఉన్నా సరే, పొద్దున్నే కాఫీ ఇచ్చి వెళ్లిన మనిషైనా సరే.

"బొట్టు కూడా ఫోన్లోనే పెడతావురా?" అంది అత్తయ్య.

నాన్నగారు నవ్వారు. ఆవిడ నవ్వించడానికి అనలేదు. పెళ్లికి రాలేదు. మేనత్త చెయ్యవలసినవన్నీ ఎవరో దూరపు చుట్టం చేసింది. ఆ తర్వాత ఏళ్లు గడిచిపోయాయి. "పిలిస్తే వెళ్తాను, నాకేం పంతమా" అని అక్కడ ఆవిడా, "వస్తే కాదంటానా, అక్కకి పిలుపులేంటి" అని ఇక్కడ ఈయనా. ఇద్దరి మాటల్లోనూ తప్పు పట్టడానికేమీ లేదు. అందుకే అది తెగలేదు.

ఆదివారం షాపు తెరుస్తుంటే నేనూ గూడెం వెళ్లాను. జనం బాగానే వచ్చారు. భోజనం వేళకి ఇంటికి వెళ్లేసరికి అత్తయ్య హాల్లో ఫ్యాను కింద కూర్చుని ఉంది. పట్టుచీర. పక్కన గేదె పెరుగు కేను. ఆదివారమంటే లుంగీ తప్ప ఇంకోటి ఎరగని నాన్నగారు, మడత విప్పిన గీతలు కనిపిస్తున్న కొత్త పంచెలో, పెళ్లికొడుకులా బిగుసుకుని కూర్చున్నారు. అక్క తెచ్చిన పంచె.

"రారా! ఇదేనా రావడం? మేనత్త వస్తే ఎదురొచ్చేది పోయి, భోజనం వేళకి దిగుతావా?" అంది అత్తయ్య. ఆ గొంతు విని ఎన్నేళ్లయిందో!

వంటింట్లో అమ్మ నన్ను మూలకి లాగింది.

"మీ అత్తయ్య వచ్చింది."

"చూశాను."

"మీ నాన్నగారు పిలిచినట్టున్నారు. నాతో ఒక్క ముక్క అనలేదు. నువ్వు అడక్కు, బాగోదు."

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే నాన్నగారు వెనకాలే వచ్చారు. "మీ అమ్మేమైనా పిలిచిందంట్రా?"

"నాకు తెలీదండీ."

"పిలిచి ఉండదులే. దానంతటదే వచ్చింది. చూశావా, పిలవకుండానే వచ్చింది! అక్క అంటే అదీ." ఆయన కళ్లు తుడుచుకుని, పంచె అంచు తడవకుండా పైకెత్తి పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

వచ్చిన మనిషిని ఎందుకొచ్చారని అడిగే అలవాటు మా వైపు లేదు. ఎప్పుడొచ్చారు అంటాం, బస్సులో సీటు దొరికిందా అంటాం, ఎందుకని మాత్రం అనం. ఆ ఒక్క మర్యాద లేకపోతే ఈ సంగతంతా ఆ పూటే తేలిపోయేది.

భోజనాల దగ్గర అత్తయ్యే ఆ మాట ఎత్తింది. అమ్మ అడక్కుండానే మారు వడ్డిస్తోంది. అత్తయ్య అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మాయ్, ఎంత బాగా రాశావే! మీ ఆయన రాతైతే నాకు తెలీదా? వాడు నన్ను మీరంటాడా ఎప్పుడైనా? చూడగానే అనుకున్నాను, ఇది మరదలి మాట అని. 'మీరు రాకపోతే మాకు వెలితిగా ఉంటుంది'... ఆ ముక్క మీ అన్నయ్యగారికి చదివి వినిపించాను. 'ఈసారికి ఫోనైతే ఏమైంది, వెళ్లిరా' అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఎన్నాళ్లని పట్టుకు కూర్చుంటాం?"

ఆ క్షణాన నేను మజ్జిగ మిరపకాయ కొరికి ఉన్నాను. దగ్గు రావడానికి ఒక కారణం దొరికింది.

అమ్మ నాన్నగారి వైపు చూసింది. నాన్నగారు పప్పు వైపు చూశారు. ఏమీ అర్థం కాకపోయినా అమ్మ తడబడలేదు.

"ఏదో లెండి వదినగారూ. మీకు తెలియందేముంది" అంది.

"గుమ్మానికి తోరణం బొమ్మ చూసి, వ్రతమేదో ఉందనుకున్నాను. పంచె, చీర అందుకే తెచ్చాను. తీరా వస్తే ఇంట్లో సందడే లేదు. గుమ్మంలో ఒక్క జత చెప్పులు లేవు. అప్పుడర్థమైంది, పండగా లేదు పబ్బమూ లేదు, నా ఒక్కదానికోసమే పిలిచారని." ఎడంచేత్తో పమిట చెంగు అందుకుని కళ్లొత్తుకుంది. "ఇంతమందిలో ఒకదాన్ని కాకుండా."

నేను గోడగడియారం చూశాను. రెండో మెసేజి బయల్దేరే వేళ దగ్గరపడుతోంది. చీరల బొమ్మలతో, పట్టు మీద తగ్గింపుతో.

చెయ్యి కడిగి పెరట్లోంచి ఓనరుకి ఫోన్ చేశాను. "ఒక్క నంబరుకి వెళ్లకుండా ఆపాలండీ."

"ఒక్కటా? అన్నిట్లోంచి ఒక్కటి ఎక్కడ వెతకమంటారండీ? అది టైము పెట్టేశాం, దానంతటదే పోతుంది. ఏం, మీ చుట్టాలా?"

"అలాంటిదే."

"అయితే ఇంకా మంచిదిగా! చీర కొనుక్కుంటారు" అన్నాడు.

లోపలికి వచ్చి, "అత్తయ్యా, మీ ఫోన్ ఒకసారివ్వండి, మీ ముగ్గురికీ ఫొటో తీస్తాను" అన్నాను. ఇచ్చింది. ముగ్గురూ సోఫాలో సర్దుకున్నారు. నేను ఫొటో తీసేవాడిలా వెనక్కి వెనక్కి నడుస్తూ మామిడి తోరణం బొమ్మ వెతికాను. నేను రాసింది పైన ఉంది. దాని కింద ఆవిడ పంపిన వాయిస్ మెసేజి, కాస్త పొడుగుదే. దాని కింద "మీ మాట అందింది. ఆదివారం కలుద్దాం." అదీ నేను రాసిందే. నంబరు బ్లాక్ చేసేశాను. బతుకుతెరువు కోసం నేను పంపే మెసేజీల్లో నా చేత్తో నేనే బ్లాక్ చేసింది అదొక్కటే.

"ఫొటో తీస్తానని ఫోన్ని గోకుతావేంట్రా? బుగ్గలు లాగేస్తున్నాయి, నవ్వి నవ్వి" అంది అత్తయ్య.

"అయిపోయిందండీ" అని ఫోన్ ఇచ్చేశాను.

మర్నాడు ఆఫీసులో ఆ వాయిస్ మెసేజి విన్నాను. వినకూడదని పొద్దున్నంతా అనుకుని, మధ్యాహ్నం విన్నాను. వెనక చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ల చప్పుడు. చెరువు గట్టు మీద కూర్చుని మాట్లాడినట్టుంది.

"తమ్ముడూ, ఈ నంబరు నీదో మరదలిదో తెలీదు. ఎవరిదైతే ఏం, వస్తున్నాను. పెళ్లికి రాకపోవడం నాదే తప్పు. ముహూర్తం వేళకి ఇక్కడే కూర్చున్నాను, గట్టు మీద. ఎవరైనా కారేసుకుని వస్తారేమో, అక్కా ఎక్కు అంటారేమో అని చీర కట్టుకునే కూర్చున్నాను. ఇది నీకు ఎదుట చెప్పలేను. వచ్చాక ఆ ఊసెత్తకురా. నేను ఏడిస్తే బాగోదు."

ఈ మాట ఎవరికోసం చెప్పిందో ఆయన దీన్ని వినలేదు, ఇక వినరు కూడా. విన్నది నేనూ, నా వెనక నిలబడ్డ మా ఓనరూ. ఆయన ఇయర్‌ఫోన్ లోంచి బయటికొచ్చినంత విని, సరిగా అర్థం కాక, "వస్తామంటున్నారుగా! రెస్పాన్సు బాగుందండీ" అని దాన్ని షాపువాళ్లకి చూపించే వాటిలో వేయించాడు.

ఆ సాయంత్రం నేను చెయ్యగలిగిన పని ఒకటుంది. గూడెం వెళ్లి, నాన్నగారిని కూర్చోబెట్టి, జరిగింది చెప్పడం. "అత్తయ్యకి తెలిసేలోపు మీరే బొట్టూ పండూ పట్టుకుని వెళ్లి, రాఖీకో దసరాకో ఒకసారి సరిగ్గా పిలిచి రండి" అనడం. వస్తున్నానని చెబుదామని ఫోన్ చేశాను కూడా. అవతల నాన్నగారు నాకంటే ముందు మొదలుపెట్టేశారు. ఇంట్లో అక్క ఉండగా ఆయన గొంతే మారిపోయింది. "నీకో మాట చెప్పాలిరా. నిన్న అక్కతో అన్నాను, ఇంక మన మధ్య పిలుపులెందుకే, నీ ఇల్లు, నీకు బుద్ధిపుట్టినప్పుడల్లా రా అని. ఎంత సంతోషించిందో!" అన్నారు. నేను కరెంటు బిల్లు కట్టారా అని అడిగి పెట్టేశాను.

అంత సంతోషం ఎందుకు చెడగొట్టాలి అనుకున్నాను. అనుకోవడానికి అది చాలా గొప్పగా ఉంటుంది. అసలు సంగతి, చెబితే ఆ మెసేజి రాసింది నేనని కూడా చెప్పాలి.

అత్తయ్య ఇంకో రెండు రోజులుండి బయల్దేరింది. నాన్నగారు గూడెంలో రైలెక్కించారు, నేను ఏలూరు స్టేషన్లో దింపుకుని నా బండి మీద ఊరికి తీసుకెళ్లాను. ఒళ్లో అమ్మ పెట్టిన చీర, రవికె గుడ్డ, ఖాళీ పెరుగు కేను. దారంతా మాట్లాడుతూనే ఉంది. మా చెల్లి ఆల్బమ్ మొత్తం చూసిందట. దండలు బాగాలేవట. తను ఉంటే అలాంటి దండలు కొననిచ్చేది కాదట.

ఊరు దగ్గరపడ్డాక రోడ్డుకి రెండువైపులా చెరువులే. నీళ్లలో గెడలు పాతి, మేత సంచులు వేలాడదీసి ఉన్నాయి. ఆ సంచులకి చిన్న చిన్న చిల్లులు పెడతారు. చేపలు వాటంతట అవే వచ్చి మూతి ఆనిస్తాయి. చిన్నప్పుడు మావయ్య చూపించినప్పుడు ఎంత తెలివో అనుకున్నాను. ఆ రోజు మాత్రం అటు చూడకుండా బండి నడిపాను.

మావయ్య చెరువు దగ్గరే ఉన్నాడు. ఇంటి ముందు బండి ఆపేసరికి పక్కింటావిడ గోడ మీద బట్టలు ఆరేస్తోంది.

"ఏవండీ, వచ్చేశారా! గూడెం వెళ్లారంట కదా. షాపు ఎలా ఉందండీ?"

"ఏం షాపండీ?" అంది అత్తయ్య.

"అదేనండీ, ఆదివారం తెరిచారుగా. మాకూ వచ్చింది మెసేజి. 'మీ గూడెం వాళ్లు' అని! గూడెంలో మాకెవరున్నారా అని రెండ్రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాం. మా ఆయనైతే, నాకు తెలీకుండా నీకెవరున్నారే అని ఒకటే వేళాకోళం. ఆదివారం చీరల బొమ్మలతో రెండోది వచ్చేదాకా తెలిస్తే ఒట్టు. మీకు రాలేదా?" అంటూ చెయ్యి చెంగుకి తుడుచుకుని ఫోన్ గోడ మీంచి అందించింది.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుంది. చదివింది. వేలితో పైకి జరిపి మొదటిది చదివింది. కిందకి జరిపి మళ్లీ రెండోది చదివింది. ఆవిడ చదువు నెమ్మది. నేను బండికి స్టాండు వేశాను, తీశాను, మళ్లీ వేశాను.

"బాగుందండీ షాపు" అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "జనం ఎక్కువ. ఊపిరాడలేదనుకోండి."

"చీర అక్కడిదేనాండీ?" పక్కింటావిడ అత్తయ్య చంకలో ప్యాకెట్టు చూసింది.

"ఇది మా మరదలు పెట్టింది."

లోపలికి వెళ్లి, పెరుగు కేను గూట్లో పెట్టి, చీర మంచం మీద పెట్టింది. నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగుతున్నంతసేపూ తన ఫోన్లో తోరణం బొమ్మ తెరిచి, రెండో మెసేజి కోసం వెతికింది. ఫొటోలన్నీ తిప్పింది. ఆ ఆదివారపు ఫొటో ఒక్కటీ లేదు. బ్లాక్ చేసే కంగారులో అసలు ఫొటో తియ్యడమే మర్చిపోయానని నాకప్పుడు గుర్తొచ్చింది.

అత్తయ్య ఫోన్ మంచం మీద బోర్లా పెట్టి, కళ్లజోడు తీసి, నా వైపు చూసింది.

"అయితే నన్నెవరూ పిలవలేదన్నమాట" అంది.